రెండో సీసా

ఇరవై ఒకటో చేప శనివారం పొద్దున పోయింది.

వెర్నా డెల్వో దాన్ని వలతో తీసి, ఎడమ అరచేతిలో పెట్టుకుని, దీపం కింద అటూ ఇటూ తిప్పి చూసింది. బొటనవేలంత చేప. తోకలో రాగి మెరుపు ఇంకా పోలేదు. వీపు మీద కాస్త తెల్ల బూజు, మొప్ప పక్కన ఎర్రటి పుండు, రెక్కల అంచులు చిరుగులు. రోగం ఏమిటంటే అన్నీ ఉన్నాయి, ఏదీ పూర్తిగా లేదు. రెండు నెలలుగా ఆమెకు మతి పోగొడుతున్నది అదే.

తొట్టిలో ఇంక పదిహేడు మిగిలాయి. అవి కూడా నీటి పైమట్టానికి చేరి, మూతులు తెరిచి మూస్తూ, రెక్కలు ఒంటికి అంటించుకుని, ఉన్నచోటే వణుకుతున్నాయి.

ఇంకొకరి ఇంట్లో అయితే ఇది పెద్ద సంగతి కాదు. చేపలు పోతే ఏడ్చి, తొట్టి కడిగి, మళ్లీ కొనుక్కుంటారు. కానీ ఈ రాగితోకలు కొనుక్కునేవి కావు. ఎప్పుడో ముప్ఫై ఏళ్ల కిందట ఆర్విడ్ నూట్సన్ అనే పెద్దమనిషి మెక్సికోలో ఒక చిన్న నీటిబుగ్గ నుంచి తెచ్చిన చేపల సంతానం అవి. గుడ్లు పెట్టవు, కడుపులో మోసి పిల్లల్నే కంటాయి. ఆ బుగ్గ తర్వాత ఎండిపోయింది. ఆర్విడ్ పోయేముందు వాటిని అమెరికాలోని గ్రీన్ బే ఊళ్లో, చేపలు పెంచేవాళ్ల క్లబ్బులో అయిదిళ్లకు పంచాడు. ఒకాయన ఊరు మారుతూ ఎవరికో ఇచ్చేశాడు, ఆ ఎవరో ఎవరో తెలియదు. ఒకావిడ ఇంట్లో మంచు తుపాను రోజుల్లో మూడు రోజులు కరెంటు పోయి చేపలన్నీ చలికి చచ్చాయి. ఇంకొకాయన పొరపాటున వేరే జాతితో కలిపి పెంచి సంకరం చేశాడు. నాలుగో ఆయనకు ఓపిక అయిపోయింది. చివరికి మిగిలింది వెర్నా నేలమాళిగలో ఈ ఒక్క తొట్టి.

అంటే ఆర్విడ్ చేపలన్నీ ఇవే. ఈ పదిహేడూ పోతే మళ్లీ తెచ్చుకోవడానికి ఎక్కడా లేవు. అవీ తన చేతుల్లోనే పోతున్నాయి. ఈ మాట ఆమె ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

చెప్పుకోవడానికి మొహం ఎక్కడిది? ఆ ఊళ్లో ఎవరి చేపకు నలత చేసినా ఫోను మోగేది వెర్నా ఇంట్లోనే. ముప్ఫై ఏళ్లు స్కూలు బస్సు నడిపిన గొంతు. "తెల్ల చుక్కలు ఉప్పు రవ్వల్లా ఉన్నాయా, దూది పింజలా ఉన్నాయా? రవ్వలైతే ఒక రోగం, దూదైతే ఇంకోటి. ముందు చూసి చెప్పు, తర్వాత ఏడువు" అని కసిరేది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటారే, ఇప్పుడు ఆమె పని అలాగే ఉంది.

జనవరిలో మొదటి చేప మీద దూదిపింజ కనిపించగానే బూజు అనుకుని ఉప్పు వేసింది. వారం తిరిగేసరికి నాలుగు పోయాయి. మొప్పలు ఎగరేస్తున్నాయంటే మొప్పల్లో పురుగులు అనుకుని పురుగుల మందు వేసింది. ఇంకో ఆరు పోయాయి. పుళ్లు కనిపించాయి. మేతలో కలిపే మందు పెట్టింది. తిన్నవి పోయాయి, తిననివీ పోయాయి. షెల్ఫు మీద మందు సీసాలు పెరిగేకొద్దీ తొట్టిలో చేపలు తగ్గుతూ వచ్చాయి. ఇప్పుడు మిగిలింది ఒక పెద్ద మందు. నీళ్లు నీలంగా మారిపోయేంత ఘాటు మందు. అది బతకగలిగినవాటిని బతికిస్తుంది, లేనివాటిని ఆ రోజే తీసుకుపోతుంది. దాని మూత తిప్పాలా వద్దా అని ఆమె మూడు రోజులుగా చూస్తోంది.

ఇవాళ తిప్పేద్దామనే నిశ్చయించుకుని సీసా చేతిలోకి తీసుకుంది. అప్పుడే మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది.

"వెర్నా ఆంటీ! కాఫీ డ్రమ్ము కోసం వచ్చా. అంకుల్ కిందికి వెళ్లి తీసుకోమన్నారు."

మై యీర్ వాంగ్. క్లబ్బులో అందరికంటే చిన్నది, ముప్ఫై రెండేళ్లది. హాస్పిటల్ ల్యాబులో రక్త పరీక్షలు చేస్తుంది. మూడేళ్ల కిందట చేప అంటే నీళ్లలో ఉంటుందని తప్ప ఏమీ తెలియకుండా వస్తే, వెర్నానే పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ నేర్పింది. మంగళవారం మీటింగుకు కాఫీ కాచే వంతు ఆ పిల్లది. క్లబ్బు కాఫీ డ్రమ్ము వెర్నా నేలమాళిగలో ఉంటుంది.

వెర్నాకు దొంగకు తేలు కుట్టినట్టయింది. చచ్చిన చేపను గుప్పిట్లో మూసి, మందు సీసాను స్వెటర్ జేబులో కుక్కుకుంది.

"అదిగో, వాషింగ్ మెషిన్ వెనకాల ఉంది. తీసుకుని పో. పైన మీ మైలో అంకుల్ గుమ్మడి రొట్టె కోస్తున్నాడు, తిని వెళ్లు."

మై యీర్ వాషింగ్ మెషిన్ వైపు వెళ్లనేలేదు. రాగితోకల తొట్టి ముందు నిలబడిపోయింది.

"ఆంటీ, ఏమైంది వీటికి?"

"ఏమీ కాలేదు."

"ఇందులో నలభై దాకా ఉండేవి కదా?"

"లెక్కపెట్టడానికి వచ్చావా, కాఫీ డ్రమ్ముకు వచ్చావా?"

"ఆంటీ, మీ చేతిలో ఏముంది?"

పాతికమంది బస్సు పిల్లల్ని వెనక్కి తిరగకుండానే నోరు మూయించిన మనిషి ఆ ఒక్క ప్రశ్నకు లొంగిపోయింది. గుప్పిట తెరిచింది. మై యీర్ ఆ చేపను చూసి, వెర్నా మొహం చూసి, పక్కనున్న ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది.

"ఎన్ని పోయాయి?"

"ఇరవై ఒకటి."

"ఎవరికైనా చెప్పారా?"

"ఎవరికి చెప్పను? చెప్పి ఏం చేసేది? ఆర్విడ్ నన్ను నమ్మి ఇచ్చాడు. నేను చంపేశాను. మంగళవారం లేచి నిలబడి, కాఫీ తాగండి, ఆర్విడ్ చేపలు అయిపోయాయి అని చెప్పనా?" అంటూ వెర్నా మొహం పక్కకు తిప్పుకుంది. ఆమె గొంతులో బస్సు డ్రైవరు లేదు.

మై యీర్ తొట్టి అద్దానికి దగ్గరగా వంగింది. తర్వాత మెల్లగా అడిగింది. "ఆంటీ, నీళ్లు చూశారా?"

వెర్నాకు చివుక్కుమంది. 'చేపను చూడకముందు నీళ్లు చూడు' అని ఆ పిల్లకు మొదటి రోజు తను నేర్పిన పాఠమే అది.

"నాకే చెబుతున్నావా? ప్రతి ఆదివారం చూస్తాను. అమ్మోనియా సున్నా. నైట్రైట్ సున్నా. నైట్రేట్ దాదాపు సున్నా. ఇదిగో పుస్తకం. నీళ్లు అద్దంలా ఉన్నాయి. అందుకే కదా రోగం అంటున్నాను."

మై యీర్ పుస్తకం అందుకుని పేజీలు తిప్పింది. నవంబరు చివరి నుంచి ప్రతి ఆదివారం ఒకే రాత: నైట్రేట్ లేదు.

"ఆంటీ, ఇన్ని చేపలున్న తొట్టిలో నైట్రేట్ లేకపోవడం ఏమిటి? చేప విసర్జించిందంతా చివరికి నైట్రేట్‌గానే మిగలదా? మీరు నీళ్లు మార్చినా ఎంతో కొంత ఉండాలి కదా."

"నాచు తాగేస్తుంది."

"ఇంత కాస్త నాచా?"

"నీకు నమ్మకం లేకపోతే నీ కళ్ల ముందే చేస్తాను, చూడు" అని వెర్నా పౌరుషంగా పరీక్ష పెట్టె దించింది.

గాజు గొట్టంలో గీత దాకా తొట్టి నీళ్లు తీసుకుంది. మొదటి సీసా నుంచి పది చుక్కలు వేసింది. రెండో సీసా తీసింది, ఎడమ చేత్తో రెండుసార్లు అటూ ఇటూ వంచింది, పది చుక్కలు వేసింది. గొట్టానికి మూత పెట్టి కాస్త ఊపింది. అయిదు నిమిషాలకు రంగు తేలింది. లేత పసుపు. సున్నా.

"చూశావా?"

మై యీర్ రంగు చూడలేదు. వెర్నా భుజం చూస్తోంది.

"కుడి చెయ్యి వాడలేదేం ఆంటీ?"

గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు వెర్నా చెయ్యి దానంతటదే కుడి భుజం మీదికి పోయింది. "ఏముంది? నవంబరులో వాకిట్లో మంచు మీద జారాను. పట్టేసింది. డాక్టరు ఏడాది పడుతుందన్నాడు. దానికీ దీనికీ ఏమిటి సంబంధం?"

మై యీర్ రెండో సీసా చేతిలోకి తీసుకుంది. వెలుతురుకు ఎత్తిపట్టింది. అడుగున మట్టిలా గట్టిగా పేరుకున్న పొడి ఉంది, పైన తేట. ఆ పిల్ల మాట్లాడకుండా సీసాను బల్ల అంచుకు పదిసార్లు కొట్టి, రోజూ రక్తం గొట్టాలు కలిపే చేతితో బలంగా ఊపడం మొదలుపెట్టింది. అర నిమిషం. ఇంకో అర నిమిషం. లోపలి పొడి విడిపోయి నీళ్లు మసకబారాయి.

"ఈ సీసాను ఇలా ఊపాలి ఆంటీ. ఊపకపోతే రంగు తేల్చే పొడి అడుగునే ఉండిపోతుంది, పైన వట్టి నీళ్లే పడతాయి. వట్టి నీళ్లు ఏ తొట్టినైనా శుభ్రంగానే చూపిస్తాయి. ఈ మాట నాకు మీరే చెప్పారు. సీసా మీద కోపం ఉన్నట్టు ఊపు అన్నారు."

వెర్నా పరీక్ష పెట్టెను మళ్లీ ముందుకు లాక్కుంది.

కొత్తగా ఇంకో గొట్టం నింపారు. పది చుక్కలు, పది చుక్కలు. అయిదు నిమిషాలు ఆగనక్కరలేకపోయింది. గొట్టంలో నీళ్లు నారింజ దాటి, ఎరుపు దాటి, థాంక్స్‌గివింగ్ పండగ నాటి ఎర్రటి క్రాన్‌బెర్రీ రసంలా చిక్కబడ్డాయి. పెట్టెలోని రంగుల కాగితం మీద అంతకంటే ఎర్రటి గడి లేదు. మై యీర్ కుళాయి నీళ్లతోనూ అదే పరీక్ష చేసింది. ఆ గొట్టం పసుపుగానే ఉండిపోయింది.

"సీసా సరిగ్గానే ఉంది. తొట్టే బాగాలేదు" అంది మై యీర్.

వెర్నా ముక్కాలిపీట కోసం చేత్తో తడిమి కూర్చుంది. ఒక్కొక్కటే తలలోకి వచ్చాయి. భుజం పట్టేశాక బకెట్లు ఎత్తడం కష్టమైంది. వారం వారం నీళ్లు మార్చాల్సిన మనిషి, పరీక్షలో సున్నా వస్తోంది కదా, ఇంక మార్చడం ఎందుకు అనుకుంది. ఆవిరైపోయినంత మేర పైన కాస్త పోస్తూ వచ్చింది. నొప్పి ఉన్నవాడికి అబద్ధపు సున్నా కంటే తియ్యటి మాట ఏముంటుంది? నాలుగు నెలల మురికి ఆ అద్దంలాంటి నీళ్లలోనే పేరుకుంది. ఆ నీళ్లలో నీరసించిన చేపకు దారిన పోయే ప్రతి రోగమూ అంటింది. ఆమె ఆ రోగాలకు మందులు వేసింది. ఇల్లు కాలుతుంటే పొగకు కిటికీలు మూసినట్టయింది.

"అంటే రోగం కాదా?" అంది చివరికి.

"రోగాలే. కానీ అసలు రోగం ఇది."

"అంటే... పోయే రోగమేనా?"

"నీళ్లు మారిస్తే పోయే రోగమే ఆంటీ."

వెర్నా ఏడ్చింది. రెండు నెలల్లో మొదటిసారి గట్టిగా, ముక్కు చీదుకుంటూ ఏడ్చింది. సిగ్గేసింది, కోపమొచ్చింది, వాటన్నిటికంటే పెద్దదిగా గుండె మీంచి బండరాయి దించినంత తేలికా అనిపించింది. తను తెలివితక్కువది అయితే అయింది. చేపలకు దారి ఉంది.

మై యీర్ అప్పటికే పైపు అందుకుంది. "సగం తోడేస్తాను. కొత్త నీళ్లు పోద్దాం."

"ఆగు!"

బస్సంతా వినిపించే గొంతు తిరిగొచ్చింది. మై యీర్ చేతిలో పైపు అలాగే ఆగిపోయింది.

"సగం మారిస్తే ఇవాళే చస్తాయి. ఇన్ని నెలల పాతనీళ్లు పులిసిపోయి ఉంటాయి. మన కుళాయి నీళ్లు సున్నం నీళ్లు. పులుపుకు అలవాటు పడ్డ ఒంటి మీద ఒక్కసారిగా సున్నం పోస్తే మొప్పలు కాలిపోతాయి. పదకొండు రోజులు ఉపవాసమున్న మనిషికి విందు పెడతావా? రోజుకు ఒక్క బకెట్. తీసేది ఒకటి, పోసేది ఒకటి, అదీ సన్నగొట్టంలోంచి గంటసేపు. రెండు వారాలు. మందులన్నీ బంద్. ఫిల్టర్లో బొగ్గు వెయ్యి, వేసిన మందులన్నీ పీల్చేస్తుంది. మేత రోజు విడిచి రోజు, చిటికెడు."

మై యీర్ పైపు కింద పెట్టి నవ్వింది. "ఇదిగో, ఇప్పుడు మీరు మీలా మాట్లాడుతున్నారు."

"నవ్వకు. బకెట్ ఎవరు మోస్తారు?"

అదే చిక్కు. మై యీర్‌కు రోజూ రావడం కుదరదు, ఆమె డ్యూటీలు ఎప్పుడు పడతాయో ఆమెకే తెలియదు. ఇంట్లో ఉన్న రెండో మనిషి మైలో. పెళ్లయిన కొత్తల్లో కుదిరిన ఒప్పందం ప్రకారం నేలమాళిగ ఆమెది, గరాజ్ అతనిది. ఆమె అతని పనిముట్లు ముట్టదు, అతను ఆమె మెట్లు దిగడు. భుజం నొప్పి అని చెప్పి సాయం అడిగితే చేపలు మానెయ్యమంటాడని నవంబరు నుంచి ఆమె పళ్లబిగువున ఉండిపోయింది.

పైకి వెళ్లి, గుమ్మడి రొట్టె ముందు కూర్చుని, వెర్నా మొత్తం చెప్పింది. మైలో నములుతూ విన్నాడు. చీజ్ ఫ్యాక్టరీలో నలభై ఏళ్లు పనిచేసిన మనిషి, ఏదీ తొందరపడి మింగడు.

"నాలుగు నెలలుగా చెయ్యి పైకి లేవడం లేదా?"

"లేస్తుంది. ఇంతవరకు."

"కాఫీ కప్పు ఎడమ చేత్తో పట్టుకుంటున్నావని చూశాను. ఫ్యాషనేమో అనుకున్నాను."

"వేళాకోళం ఆపు మైలో."

"బకెట్ ఎంత బరువుంటుంది?"

"నలభై పౌన్లు."

"రోజుకు ఒకటేనా?"

"రెండు. ఒకటి తియ్యాలి, ఒకటి పొయ్యాలి."

"ఒక్క మాట అడగడానికి నీకు నాలుగు నెలలు పట్టింది. అంతలోకి ఇరవై చేపలు పోయాయి. నేనంత రాక్షసుణ్ణా?" అని మైలో కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. అతని మొహంలో వేళాకోళం లేదు, బాధ ఉంది. వెర్నాకు ఆ రోజు రెండోసారి తల దించుకోవలసి వచ్చింది.

ఆ సాయంత్రం మైలో మెట్లు దిగాడు. తల వంచి దిగాల్సిన చోట వంచలేదు, నుదురు బొప్పి కట్టింది. "కంపు" అన్నాడు. "ఇదా నువ్వు ముప్ఫై ఏళ్లుగా కూర్చునే చోటు?" అన్నాడు. బకెట్ నింపాడు, మోశాడు, సన్నగొట్టం తొట్టిలోకి వేలాడదీసి చుక్కలు పడుతుంటే చూస్తూ కూర్చున్నాడు. మర్నాడు పొద్దున ఒక చేప పోయింది. అయినా మైలో ఆ రోజు బకెట్లూ మోశాడు. సోమవారం ఏదీ పోలేదు.

మంగళవారం చర్చి హాల్లో, కాఫీ అయ్యాక, వెర్నా లేచి నిలబడి చెప్పేసింది. చేపలు ఎన్ని పోయాయో, ఎందుకు పోయాయో, సీసా సంగతీ, భుజం సంగతీ. ఎనభై మూడేళ్ల ఓర్విల్ టెస్కే చెవి మిషను సవరించుకుంటూ, "ఏ సీసా అన్నావ్?" అని అడిగాడు.

"నైట్రేట్ రెండోది. ఊపాల్సింది."

"దాన్ని ఊపాలా?"

హాలంతా ఘొల్లుమంది. ఓర్విల్ నవ్వలేదు. "నాకెవరూ చెప్పలేదే" అని లేచి కోటు వేసుకుని, మీటింగు అయ్యేదాకా కూడా ఆగకుండా ఇంటికి బయలుదేరాడు. నవ్విన వాళ్లలో ఇద్దరు ముగ్గురు ఒకరి వెనక ఒకరు నవ్వు ఆపేసి, గడియారం చూసుకుని, వాళ్లూ కోట్లు వెతుక్కున్నారు. ఆ రాత్రి గ్రీన్ బేలో ఎన్ని సీసాలు బల్లలకు మోగాయో ఎవరికీ తెలియదు. వెర్నా మాత్రం ఇంటికి వస్తూ కారులో పాట పాడింది. ఒక్కరూ ఆమెను తప్పు పట్టలేదు.

రెండు వారాలు గడిచాయి. గొట్టంలో ఎరుపు నారింజకు దిగింది, నారింజ పసుపు వైపు జరిగింది. సీసా ఊపేది మైలోనే, మొహం ఎర్రబడేదాకా ఊపేవాడు. చేపలు పైమట్టం వదిలి మధ్యకు దిగాయి. ముడుచుకున్న రెక్కలు విచ్చుకున్నాయి. పుళ్లు మానాయి. ఒక మగది ఇంకో మగదాన్ని తరుముకుంటూ రాళ్ల వెనక్కి పోవడం చూసి వెర్నా గట్టిగా నవ్వింది. పోట్లాడుకునే ఓపిక వచ్చిందంటే బతికినట్టే. పదహారు. మళ్లీ మళ్లీ లెక్కపెట్టినా పదహారే.

ఏప్రిల్ రెండో వారంలో ఆమె మై యీర్‌కు ఫోను చేసింది. "ఖాళీ తొట్టి ఒకటి సిద్ధం చేసి ఉంచు. ఎనిమిది పంపిస్తున్నాను. మూడు మగవి, అయిదు ఆడవి."

"నాకా? ఆర్విడ్ చేపలా? ఆంటీ, నాకు భయం. నా చేతుల్లో పోతే?"

"నా చేతుల్లో ఇరవై రెండు పోయాయి. నీకింకా చాలా దూరం ఉందిలే."

"మీ దగ్గర ఉంటేనే మంచిది కదా ఆంటీ. ఇప్పుడు బాగున్నాయి."

"నా దగ్గరొక్కచోటే ఉండటమే రోగం, మై యీర్. అది నాకు ఆలస్యంగా తెలిసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాను, పట్టుకోనీ."

మై యీర్ శనివారం వచ్చింది. సంచుల్లో నీళ్లు, గాలి నింపి, థర్మాకోల్ పెట్టెలో పెట్టి, చంటిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని కారెక్కింది. వెర్నా వాకిట్లో నిలబడి కారు మలుపు తిరిగేదాకా చూసింది. లోపలికి వచ్చి మిగిలిన ఎనిమిదింటినీ లెక్కపెట్టింది. సగం తొట్టి పోయింది. తెలిసే ఇచ్చినా దిగులు దిగులే.

మే నెల మొదటి ఆదివారం పొద్దున, మైలో పాన్‌కేకులు తిప్పుతుండగా, ఫోను మోగింది. వెర్నా తీసింది. అవతల మై యీర్ గొంతు ఆయాసంగా ఉంది.

"ఆంటీ, పిల్లల్ని పెట్టింది! ఒకటి కాదు, రెండు తల్లులు! పదకొండు లెక్కపెట్టాను. నాచులో ఇంకా ఉన్నాయేమో. మా అమ్మ లేచి వచ్చి చూస్తోంది. నన్నేం చెయ్యమంటారు? ఏం మేత పెట్టను? ఆంటీ? ఉన్నారా?"

ఉంది. ఫోను చెవికి ఆనించి పట్టుకుని, అట్లాగే గోడకు జారగిలబడి, వెర్నా ఏడ్చేస్తోంది.

మైలో అట్లకాడ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. అతని మొహం పాలిపోయింది. ఈమధ్య అతనూ రోజుకు రెండుసార్లు మెట్లు దిగి లెక్కపెడుతున్నాడు.

"ఎన్ని పోయాయి?"

వెర్నా తల అడ్డంగా ఊపింది. "పోలేదు. పుట్టాయి."

"కిందా?"

"కాదు. వాళ్లింట్లో. పదకొండు."

"హమ్మయ్య! చంపావు కదే" అని మైలో అట్లకాడను గుండెకు ఆనించుకున్నాడు. చొక్కాకు పిండి అంటింది. "మంచి మాటే కదా. మన ఇంట్లో పుట్టకపోతే ఏం? మరి ఏడుస్తావేం?"

"అందుకే ఏడుస్తున్నాను మైలో" అంది వెర్నా. "మన ఇంట్లో కాదు కనుకనే."